చర్చి పుస్తకాల్లో మెక్సికో వంశవృక్షాలు

మీ ముత్తాత పేరు మీకు తెలుసా? తెలిసే ఉంటుంది. ఆయన తండ్రి పేరు? ఇక్కడికి వచ్చేసరికి మనలో చాలామంది ఆగిపోతాం. ముత్తవ్వ పుట్టింటి పేరు ఏమిటని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా తడుముకుంటారు. ఇప్పుడు మెక్సికోలో ఒక మామూలు రైతు కుటుంబాన్ని తీసుకోండి. చదువు లేని కుటుంబమే కావచ్చు, సెంటు భూమి లేని కుటుంబమే కావచ్చు. ఓపికగా వెతికితే వారి ఆరేడు తరాల పేర్లు, తల్లుల పుట్టింటి పేర్లతో సహా, కాగితం మీద దొరికే అవకాశం ఉంది. ఆ కాగితాలు ఎవరు రాశారు, ఎందుకు రాశారు, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ వ్యాసం.

ముందు ఒక కాగితం చూద్దాం. 1806 మార్చి 22న దక్షిణ మెక్సికోలోని వహాకా కొండల్లో, ఇస్త్‌లాన్ అనే ఊరి చర్చిలో ఒక పసివాడికి జ్ఞానస్నానం జరిగింది. వాడు పుట్టింది ముందురోజే, దగ్గరలోని గెలతావ్ అనే పల్లెలో. చర్చి పుస్తకంలో గురువు రాసిన వివరాలు ఇవి: బిడ్డ పేరు బెనీతో పాబ్లో. తండ్రి మార్సెలీనో హువారెజ్, తల్లి బ్రిహిదా గార్సియా, గెలతావ్ ఇండియన్లు. తండ్రివైపు తాత పేద్రో హువారెజ్, నానమ్మ హుస్తా లోపెజ్. తల్లివైపు తాత పాబ్లో గార్సియా, అమ్మమ్మ మరియా గార్సియా. జ్ఞానతల్లి అపొలోనియా గార్సియా. ఇక్కడ ‘ఇండియన్’ అంటే మనం కాదు, అమెరికా ఖండపు మూలవాసులు. కొలంబస్ చేసిన పొరపాటు పేరుగా స్థిరపడిపోయింది.

ఆ పిల్లవాడికి మూడేళ్ళ వయసులోనే తల్లీ తండ్రీ చనిపోయారు. తాత, నానమ్మ, ఆ తర్వాత చిన్నాన్న పెంచారు. పన్నెండేళ్ళ వయసులో స్పానిష్ భాష రాకుండానే వహాకా పట్టణానికి వెళ్ళాడు. ఆయనే తర్వాత మెక్సికో అధ్యక్షుడైన బెనీతో హువారెజ్. తల్లిదండ్రుల ముఖాలు గుర్తులేని ఒక జపోటెక్ అనాథకు మూడు తరాల పేర్లు ఇచ్చింది ఆ ఒక్క పుట.

ఈ పుస్తకాలు ఎలా పుట్టాయి? స్పెయిన్ సైన్యం అజ్‌టెక్ రాజధానిని పట్టుకున్నది 1521లో. మతగురువులు వెంటనే దిగారు. మెక్సికో నగరంలో జ్ఞానస్నానాల పుస్తకాలు 1530లలోనే మొదలయ్యాయి. 1563లో ట్రెంట్ మహాసభ ప్రతి చర్చిలోనూ పెళ్ళిళ్ళ పుస్తకం ఉండి తీరాలన్నది. 1585లో మెక్సికోలో జరిగిన మూడవ ప్రాంతీయ సభ ఆ మహాసభ కట్టుబాట్లను అక్కడి చర్చిలన్నిటికీ వర్తింపజేసింది. గురువులకు కావలసింది వంశచరిత్ర కాదు, ఎవరు క్రైస్తవులు, ఎవరికి ఎవరితో పెళ్ళి కుదురుతుంది అన్న లెక్క.

దొరతనానికి కావలసిన లెక్క వేరు. ఇండియన్లు రాజుకు కప్పం కట్టాలి, స్పెయిన్ జాతివాళ్ళు కట్టనక్కరలేదు. చర్చి వసూలు చేసే రుసుము కూడా పుట్టుకను బట్టి మారేది. అందుకని చాలా ఊళ్ళలో స్పెయిన్ వారికి ఒక పుస్తకం, ఇండియన్లకు ఒకటి, మిశ్రమ సంతానానికి మరొకటి పెట్టారు. మెస్తీసో, ములాతో లాంటి పేర్లు మీరు విని ఉంటారు. తోడేలు, కొయోటే అన్న జంతువుల పేర్లను కూడా మనుషుల పేర్ల పక్కన వర్ణంగా రాసేవారు.

పాఠకులు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. ఆ పుటల్లో తల్లిదండ్రుల పేర్లను చాలావరకు నమ్మవచ్చు. వర్ణాన్ని మాత్రం అలా నమ్మరాదు. అది గురువు కంటికి కనిపించినది, లేదా కుటుంబం చెప్పుకున్నది, ఒక్కోసారి డబ్బు చెప్పించినది. స్వాతంత్ర్య పోరాట నాయకుడు హోసే మరియా మొరెలోస్‌ను చూడండి. ఆయన మిశ్రమ సంతతివాడని పేరు. అయినా 1765 నాటి ఆయన జ్ఞానస్నానపు పుట ఆ కుటుంబాన్ని స్పెయిన్ జాతివారిగానే రాసింది. ఒకే మనిషి పుట్టినప్పుడు ఒక వర్ణం, పెళ్ళినాటికి మరో వర్ణం కావడం కూడా ఆ పుస్తకాల్లో అరుదు కాదు. 1813లో మొరెలోస్ బానిసత్వంతో పాటు ఈ వర్ణభేదాలనూ రద్దు చేయాలని ప్రకటించాడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1822 సెప్టెంబరులో, చర్చి పుస్తకాల్లో వర్ణం రాయరాదని చట్టం వచ్చింది. న్యాయమైన చట్టమే. వంశం వెతికేవారికి మాత్రం అక్కడి నుంచి ఒక గుర్తు తగ్గిపోయింది.

పుస్తకాలన్నిటిలోకీ నాకు ఆసక్తిగా తోచేవి పెళ్ళి విచారణ కాగితాలు. మన ఇళ్ళలో మేనమామ కూతుర్ని చేసుకోవడం వింత కాదు, మేనరికం అని పేరుపెట్టి మరీ చేసుకుంటాం. కాథలిక్ చట్టం ప్రకారం ఆనాడు నాలుగో మెట్టు దాకా, అంటే ముత్తాత తండ్రి ఒక్కరే అయినా, పెళ్ళికి అడ్డే. కొండ పల్లెల్లోనూ పశువుల మందల ఊళ్ళలోనూ అంత దూరపు సంబంధం ఎక్కడ దొరుకుతుంది? అందుకని మినహాయింపు కోసం అర్జీ పెట్టుకునేవారు. వధూవరుల బంధుత్వాన్ని సాక్షులను పిలిచి నిర్ధారించి, గురువు ఒక చిన్న వంశవృక్షం గీసి పై అధికారికి పంపేవాడు. వంశం వెతికేవారికి అలాంటి కాగితం ఒక్కటి దొరికితే ఏళ్ళ పని ఒక్కరోజులో అయినట్టే. ఇండియన్లకు పోప్ 1537లోనే ఈ నిషేధాన్ని సడలించాడు కాబట్టి వారి విషయంలో ఈ వృక్షాలు తక్కువ.

మన దేశానికీ ఈ పుస్తకాల్లో ఒక మూల చోటుంది. 1565 నుంచి 1815 దాకా మనీలా నుంచి అకపుల్కోకు ఓడలు నడిచాయి. వాటిలో పట్టుబట్టలతో పాటు బానిసలు కూడా వచ్చారు. పోర్చుగీసు వర్తకులు బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాల నుంచి కూడా మనుషులను పట్టుకుపోయి మనీలాలో అమ్మేవారు. అకపుల్కోలో దిగాక అందరికీ ఒకటే పేరు, ‘చీనో’. ఫిలిప్పీన్స్ వాడైనా చీనోయే, బెంగాలీ అయినా చీనోయే. 1672లో స్పెయిన్ రాజరికం వీరిని విడుదల చేయమని ఆజ్ఞ ఇచ్చింది. వీరిలో పేరు మిగిలినది కతరీనా దె సాన్ హువాన్. భారతదేశంలో పుట్టి, బానిసగా పుయెబ్లా నగరం చేరి, భక్తురాలిగా పేరు తెచ్చుకుని 1688లో మరణించింది. ఆమె మొగలు రాజవంశపు పిల్ల అని ఆమె చరిత్రకారులు రాశారు. ఇలాంటివి వినసొంపుగా ఉంటాయి కానీ ఆధారాలు కావు. జ్ఞానస్నానంతో పాత పేరూ ఊరూ చెరిగిపోయిన అలాంటి మనిషి నుంచి ఇండియా దాకా కాగితం మీద వెనక్కి నడవడం దాదాపు అసాధ్యం.

మళ్ళీ హువారెజ్ దగ్గరకు వద్దాం. చర్చి పుస్తకంలో ఇండియన్‌గా నమోదైన ఆ మనిషే 1859 జులై 28న వెరాక్రుజ్‌లో ఉండి పౌర నమోదు చట్టం తెచ్చాడు. పుట్టుక, పెళ్ళి, చావు ఇక ప్రభుత్వ లెక్క అన్నాడు. గురువులు ఎదిరించారు, పల్లెలు పట్టించుకోలేదు. మధ్యలో ఫ్రెంచి సైన్యం వచ్చి మాక్సిమిలియన్‌ను చక్రవర్తిని చేసింది. 1867లో అతన్ని కాల్చి చంపాకే నమోదు కుదుటపడింది. ఈ పుటల్లో బిడ్డ, తల్లిదండ్రులు, ఇరువైపుల తాతలు, అవ్వలు అందరి పేర్లూ సాధారణంగా ఉంటాయి. 1926 నుంచి 1929 వరకు ప్రభుత్వంతో తగవులో చర్చిలలో ఆరాధన ఆగిపోయినప్పుడు వంశం వెతికేవారికి మిగిలే దారి ఎక్కువగా ఇదే.

ఇంకో సౌకర్యం ఇంటిపేరు. అక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, మొదట తండ్రిది, తర్వాత తల్లిది. పెళ్ళయినా ఆడపిల్ల ఇంటిపేరు మారదు. మన దగ్గర ఆడవారి వైపు వంశం ఒక తరంతోనే మాయమవుతుంటే అక్కడ అది కళ్ళముందే ఉంటుంది. చిక్కులూ లేకపోలేదు. హిమేనెజ్ అన్న పేరును ఒక గుమాస్తా జె తో, ఒకడు జి తో, ఇంకొకడు ఎక్స్ తో రాస్తాడు. ఆడపిల్లల్లో సగం మంది మరియాలే. చాలా ఇండియన్ పల్లెల్లో వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేరే ఉండేది కాదు, హువాన్ దియెగో లాగా రెండు జ్ఞానస్నానపు పేర్లు మాత్రమే. తండ్రి పేరుతో కొడుకును కలపలేక అక్కడ దారి తెగిపోతుంది.

విప్లవకాలంలో, అంటే 1910 తర్వాత, సరిహద్దు దాటి అమెరికాకు పోయినవారి మనవలు ఇప్పుడు ఈ పుస్తకాల కోసం ఎక్కువగా వెతుకుతున్నారు. వారికి పనికివచ్చింది మోర్మన్ మతస్థుల సంస్థ ఒకటి. చనిపోయిన పూర్వీకులకు కూడా జ్ఞానస్నానం ఇప్పించాలన్నది వారి నమ్మకం. అందుకని 1950లలో మెక్సికో చర్చి పుస్తకాలను మైక్రోఫిల్ము తీయడం మొదలుపెట్టారు. మూల ఫిల్ములు యూటా రాష్ట్రంలో ఒక గ్రానైట్ కొండను తొలిచి కట్టిన గదుల్లో ఉన్నాయి. ఫిల్ములు అరువిచ్చే పద్ధతి 2017లో ఆగింది. ఇప్పుడు వాటిలో చాలావాటి బొమ్మలు కంప్యూటర్ మీదే ఉచితంగా చూడవచ్చు. మెక్సికో జాతీయ పత్రాగారం సంగతి మరీ విచిత్రం. 1982 నుంచి అది నడుస్తున్న భవనం 1976 దాకా జైలు. ఖైదీల గదుల వరుసల్లోకి కాగితాలు వచ్చి చేరాయి.

పుటలు మాట్లాడని చోట జన్యుశాస్త్రం కొంత మాట్లాడుతుంది. మెక్సికన్లలో అత్యధికుల మైటోకాండ్రియా డి.ఎన్.ఎ., అంటే తల్లి నుంచి తల్లికి వచ్చే రేఖ, మూలవాసులది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము చూస్తే ఎక్కువగా యూరప్‌ది. తొలి తరాల్లో ఏం జరిగిందో దీన్నిబట్టి మీరే ఊహించవచ్చు. ఆ కాలపు పుస్తకాల్లో అలాంటి బిడ్డల పక్కన తరచు కనిపించే మాట ‘తండ్రి తెలియదు’. 2023లో ఆరువేల మందికి పైగా మెక్సికన్ల జన్యువులను ప్రాంతాలవారీగా పరిశీలించిన అధ్యయనం వెలువడింది. అలాంటి పరీక్ష ఒక ఆమె ఏ ప్రాంతపు మూలవాసి సంతతో సూచించగలదు, ఆమె పేరు చెప్పలేదు. పేరు కావాలంటే ముందు ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చుని ఊరి పేరు అడగాలి. రాష్ట్రం పేరు చాలదు, చర్చి ఏ ఊళ్ళో ఉందో ఆ ఊరి పేరే కావాలి.