రెండో ప్రాధాన్యం లెక్క

1969 ఆగస్టు 20న రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కించారు. బరిలో 15 మంది ఉన్నా అసలు పోటీ ముగ్గురి మధ్యే: వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, సి.డి. దేశ్‌ముఖ్. మొదటి ఇద్దరూ తెలుగువాళ్లే. ఒకరిది బరంపురం, ఇంకొకరిది అనంతపురం జిల్లా ఇల్లూరు. మన రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో రెండో ప్రాధాన్య ఓట్లదాకా వెళ్లి తేలిన ఎన్నిక ఇదొక్కటే.

మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఇవి మనుషుల లెక్క కాదు, ఓట్ల విలువ. అప్పట్లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 576. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337 కాబట్టి గెలవాలంటే 4,18,169 రావాలి. ఎవరికీ రాలేదు. దాంతో అట్టడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్ల బ్యాలెట్ల మీద తర్వాతి అంకె ఎవరికుందో చూస్తూ పోయారు. చివరికి దేశ్‌ముఖ్ కూడా తప్పుకున్నాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427.

ఈ అంకెల్ని తీసివేసి చూస్తే అసలు కథ బయటపడుతుంది. బదిలీల్లో గిరికి కలిసొచ్చింది 18,562. సంజీవరెడ్డికి కలిసొచ్చింది 91,879, అంటే దాదాపు అయిదు రెట్లు. మరో 10,833 ఎవరికీ చేరకుండా మధ్యలోనే ఆగిపోయాయి, ఎందుకంటే ఆ బ్యాలెట్లు వేసినవాళ్లు ఈ ఇద్దరిలో ఎవరికీ అంకె వేయలేదు. ఆగిపోయినవన్నీ సంజీవరెడ్డికే పడ్డాయనుకున్నా 4,16,260 దగ్గర ఆగేవారు. చివరి తేడా 14,650. పాతికమంది ఎంపీల ఓట్లంత అన్నమాట.

సంజీవరెడ్డికి అన్ని రెండో ఓట్లు ఊరికే రాలేదు. ఆయన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. దేశ్‌ముఖ్ వెనుక స్వతంత్ర, జనసంఘ్ పార్టీలున్నాయి. మీ రెండో ప్రాధాన్యం మా అభ్యర్థికి ఇవ్వండని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ పార్టీల నాయకుల్ని కలిశారు. పద్ధతి తెలిసినవాడెవడైనా చేసే పనే అది. కానీ ఇందిరాగాంధీ వర్గం దాన్నే పట్టుకుంది. మితవాద పార్టీలతో చేతులు కలిపారన్నారు, ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటేయమన్నారు. రెండో ప్రాధాన్యం కోసం వేసిన అడుగు మొదటి ప్రాధాన్యాల్నే చీల్చింది. ఆ నవంబరులో పార్టీయే రెండయింది.

ఇంత వెనక్కి వెళ్లడానికి కారణం చెప్తాను. సికింద్రాబాద్‌లో మేం కొందరం మిత్రులం ఏటా ఆ సంవత్సరం వచ్చిన తెలుగు కథల్లో ఒకదానికి చిన్న బహుమతి ఇస్తుంటాం. డబ్బు పెద్దగా ఉండదు. కానీ ఓడిన కథను ప్రేమించినవాళ్లు మరుసటి ఏడు మళ్లీ వస్తారా లేదా అనేది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. ‘ఒక్కరికి ఒక్క ఓటు’ మానేసి ర్యాంకులు వేద్దామనడానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. ర్యాంకుల్ని ఎలా లెక్కపెట్టాలి అనేదగ్గరే వాదన మొదలయింది.

ఇది వాదించాల్సిన విషయమే. ఒక ఊహాలెక్క చూడండి. 11 మంది ఓటర్లు, మూడు కథలు: పల్లె కథ, ఆఫీసు కథ, రైలు కథ. అయిదుగురు పల్లె, రైలు, ఆఫీసు అన్న వరసలో వేశారు. నలుగురు ఆఫీసు, రైలు, పల్లె అన్నారు. మిగతా ఇద్దరు రైలు, ఆఫీసు, పల్లె అన్నారు. మొదటి స్థానాలే లెక్కిస్తే అయిదు ఓట్లతో పల్లె కథది గెలుపు. 1969 పద్ధతిలో తక్కువ ఓట్లొచ్చిన రైలు కథను తీసేస్తే ఆ రెండూ ఆఫీసు కథకు చేరి, 6–5తో అది గెలుస్తుంది. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెడితే మాత్రం రైలు కథ పల్లె కథను 6–5తో, ఆఫీసు కథను 7–4తో ఓడిస్తుంది. బ్యాలెట్లు అవే, విజేతలు ముగ్గురు.

ఎదురెదురుగా నిలబెట్టే పద్ధతి 1785లో ఫ్రాన్సులో కొండోర్సే ప్రతిపాదించింది. అంతకుముందే బోర్డా అనే మరో ఫ్రెంచివాడు స్థానానికిన్ని మార్కులు వేసి కూడమన్నాడు. మన లెక్కలో ఆ పద్ధతిలోనూ రైలు కథే గెలుస్తుంది. కానీ బోర్డా పద్ధతిలో ఒక చిక్కుంది. పోటీ గట్టిగా ఇచ్చే కథను కావాలని చివరికి నెట్టేసి నష్టపరచొచ్చు. కొండోర్సే పద్ధతిలోనూ అ ఆను, ఆ ఇను, ఇ మళ్లీ అను ఓడించే గుండ్రం ఏర్పడవచ్చు. లోపం లేని పద్ధతి కుదరదని కెన్నెత్ యారో 1951లో గణితంతో నిరూపించాడు. సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఇచ్చే హ్యూగో అవార్డులు వాడేది దాదాపు మన రాష్ట్రపతి ఎన్నిక పద్ధతే, కాకపోతే అక్కడ ‘ఎవరికీ వద్దు’ అనేదానికి కూడా ర్యాంకు ఇవ్వొచ్చు. 2015లో అయిదు విభాగాల్లో అదే గెలిచింది.

మన దగ్గర ఈ పద్ధతి పాత పుస్తకాల్లో మాత్రమే లేదు. సికింద్రాబాద్‌లో డిగ్రీ ఉండి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకు పేరు నమోదు చేయించుకున్నవాళ్లు దాన్ని చేత్తో వాడినవాళ్లే. 2021 మార్చిలో మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ స్థానానికి 93 మంది పోటీపడ్డారు. బ్యాలెట్ దినపత్రికంత ఉంది. 17న మొదలైన లెక్కింపు 20న తేలింది. సురభి వాణీదేవి మొదటి ప్రాధాన్యాల్లో ముందున్నా సగం దాటలేదు. కిందివాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ వస్తేగానీ గెలుపు ఖాయం కాలేదు.

ఇలా తీసేస్తూ పోవడంలో ఒక గుడ్డిచోటు ఉంది. 1969లో గిరికీ, సంజీవరెడ్డికీ మొదటి ప్రాధాన్యం వేసినవాళ్ల బ్యాలెట్ల మీద రెండో అంకె ఎవరికుందో లెక్కలోకే రాలేదు, ఎందుకంటే వాళ్లు చివరిదాకా నిలిచారు. ఓడిన దేశ్‌ముఖ్ ఓటర్ల రెండో మాటకు విలువ దక్కింది, మిగతావాళ్ల రెండో మాట కాగితం మీదే ఉండిపోయింది. దేశాధినేత విషయంలో దీన్ని సమర్థించుకోవచ్చు: కొంత గట్టి మద్దతున్న మనిషే కావాలి, అందరికీ రెండో ఇష్టమైనవాడు చాలడు. కథ విషయం అలా కాదని నా వాదన. పల్లె కథ మెచ్చినవాళ్లూ ఆఫీసు కథ మెచ్చినవాళ్లూ కూడా ‘ఇదీ బావుంది’ అన్న రైలు కథను మొదటి రౌండులోనే పారేయడం చదువరులుగా మనకు నష్టం. బహుమతి ఎవర్నీ పరిపాలించదు, ఇంకో నలుగురి చేత చదివిస్తుంది, అంతే.

అందుకే నా ఓటు కొండోర్సేకు. గుండ్రం ఏర్పడితే 1969 పద్ధతికి వెళ్దాం. అన్నిటికీ ర్యాంకు వేయాలన్న బలవంతం వద్దు, చదవని కథకు అంకె వేయించడం అన్యాయం. లెక్క పద్ధతి మాత్రం కథల జాబితా తయారవకముందే రాసిపెట్టుకోవాలి, ప్రతి జంట అంకెలూ బయటపెట్టాలి.

ఆ చివరి రెండూ ఎంత ముఖ్యమో కూడా గిరి ఎన్నికే చెప్తుంది. దాని మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి, పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. గొడవలో ప్రధానంగా నలిగింది సంజీవరెడ్డి మీద పంచిన ఆకాశరామన్న కరపత్రం. పిటిషన్లు కొట్టేశారు. పద్ధతి ముందే రాసి ఉంది, రౌండ్లవారీ అంకెలు అందరి ముందూ ఉన్నాయి. దేశాన్ని ఏలే పార్టీ చీలిపోయినంత కోపంలోనూ 4,20,077 అన్న అంకె నిలబడింది.