ఏం పని చేస్తుంటావ్?

పిడుగురాళ్ల దాటి మాచవరం దారి పట్టారంటే, ఏ ఊళ్లోకి వస్తున్నారో కంటికన్నా ముందు ముక్కు చెబుతుంది. సున్నం బట్టీల బొగ్గుపొగ ఇంకా గొంతులోనే ఉంటుంది. అది దిగకముందే మిరప ఘాటు అందుకుంటుంది. ఫిబ్రవరి నెల. రోడ్డుకు రెండు పక్కలా కళ్లాలు, కళ్లాల నిండా ఎర్రగా పరిచిన కాయలు. ఆటోలో మీ పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. మీరు రెండుసార్లు తుమ్మి, మూడోసారి దగ్గుతారు. “కొత్తా?” అని నవ్వుతుంది. ఆమె కూడా దగ్గుతూనే ఉంది. కాకపోతే ఆ దగ్గును ఆమె లెక్కలోకి తీసుకోవడం ఎప్పుడో మానేసింది.

ఇలాంటి ఓ పొద్దున మాచవరంలో వేపచెట్టు కింద ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చి కూర్చుందనుకోండి. వరసలో ఓ పక్కన మీకూ కుర్చీ వేశారనుకోండి. ఆమె ముందున్న బల్ల మీద స్టెతస్కోపు, ఊదే మిషను, రెండు మూడు రంగుల పంపులు, ఖాళీ నీళ్లసీసా, ఒక కత్తెర. సీసా, కత్తెర ఎందుకో మీకు ఇప్పుడే తెలియదు.

అందరూ ప్రశ్నలతో వచ్చారు. డాక్టరమ్మ మాత్రం ఎవరి ప్రశ్నకైనా ముందు తన ప్రశ్నే అడుగుతుంది.

“నెల్రోజుల నుంచి దగ్గు డాక్టరమ్మా. రాత్రిళ్లు నిద్ర పట్టట్లా. ఏం మందు ఏసుకోమంటారు?” ముప్పై ఏళ్లుంటాయేమో ఆమెకు. చేతివేళ్లు చివర్ల దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“ఏం పని చేస్తుంటావమ్మా?”

“కాయలకు పోతన్నా. మొన్నటిదాకా కోత. ఇప్పుడు కళ్లాంలో తాలు ఏరుతున్నాం.”

కాయల దగ్గర దగ్గు రావడం జబ్బు కాదని డాక్టరమ్మ చెబుతుంది. మిరపకు కారాన్నిచ్చేది క్యాప్సైసిన్. మన గొంతులోనూ ఊపిరి గొట్టాల్లోనూ వేడిని కనిపెట్టే నరాలున్నాయి. నిప్పు తగిలితే అవి ఎలా ఉలిక్కిపడతాయో ఈ కారం తగిలినా అలాగే ఉలిక్కిపడతాయి. ఒంటికి నిజం మంటకీ మిరప మంటకీ తేడా తెలియదు, దగ్గి బయటికి తోసేయమంటుంది. ఆ నరాల మీద మంటను పట్టుకునే ద్వారం ఏదో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త ఈ క్యాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టాడు. 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. కళ్లాంలో కూర్చున్న ఈ ఆడకూతురి గొంతుకు రోజూ అనుభవమైన విషయమే అది.

“పనికి పోని రోజున దగ్గు తగ్గిద్దా?”

“తగ్గట్లా.”

“సాయంత్రం పూట జ్వరం?”

ఆమె తల దించుకుంటుంది. “ఒళ్లు ఎచ్చబడతంది. జాకెట్లు కూడా వదులైనాయి.”

డాక్టరమ్మ గొంతు మారదు. కలం మాత్రం కదులుతుంది. ఘాటు వల్ల వచ్చే దగ్గు ఘాటుకు దూరంగా ఉంటే తగ్గాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఏ పని చేసేవాళ్లకు వచ్చినా గళ్ల పరీక్ష చేయించాలి. సర్కారు ఆసుపత్రిలో ఆ పరీక్షకు డబ్బు పుచ్చుకోరు. టీబీ అని తేలితే మందులూ ఉచితమే. తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి. 2024 నవంబరు దాకా అది 500గానే ఉండేది.

ఆమె ముందుకు వంగి, మీకు వినపడకూడదన్నట్టు అడుగుతుంది. “అదే అయితే ఇంట్లో నా కంచం ఎడంగా పెడతారేమో అమ్మా?”

ఈ వరసలో ఇంతమంది ఉన్నా, నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇదే. జబ్బు కన్నా కంచానికి భయపడాల్సి రావడం. టీబీ కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, పక్కబట్టల వల్ల రాదు. దగ్గినప్పుడు గాల్లో కలిసిన సూక్ష్మజీవిని మరొకరు పీలిస్తే వస్తుంది. సరైన మందు మొదలైన కొద్ది వారాల్లోనే అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. ఒకప్పుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి పంపేవాళ్లు. 1915లో తెరిచిన శానటోరియం అది. మందు లేని రోజుల్లో విశ్రాంతి, మంచి గాలి, తిండి మీదే ఆశ. మందులొచ్చాక, 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. కొందరు రోగుల్ని శానటోరియంలో ఉంచి, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇరుకిళ్లలో, పేదరికంలో ఉండి మందు మింగినవాళ్లకు కూడా దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్లతో ఉన్నందుకు ఇంట్లోవాళ్లకు అదనంగా అంటుకున్నదీ లేదు. ప్రపంచమంతా టీబీకి ఇంటి వైద్యం చేసే పద్ధతికి మారింది ఆ ఫలితం చూశాకే.

“కంచం ఎడం పెట్టమని ఎవరన్నా అంటే నా దగ్గరకు తీసుకురా. ఆర్నెల్లు ఒక్క పూట కూడా మానకూడదు. రెండో నెలకే ఒళ్లు తేలికపడిద్ది. అప్పుడే చాలామంది మానేసేది. ఇంకో మాట, ఆ మందుకు మూత్రం ఎర్రగా వస్తది. రక్తమనుకుని భయపడమాక.”

ఆమె చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని లేస్తుంది. ఆ కుర్చీలోకి యాభై దాటిన మనిషి వస్తాడు. కనుబొమల మీద, చెవుల మడతల్లో తెల్లటి పొడి. తుడుచుకున్నా పోలేదో, తుడుచుకోవడం మానేశాడో. పది అడుగులు నడిచి వచ్చినందుకే భుజాలు పైకి కిందికి ఆడుతున్నాయి.

“ఏం పని చేస్తుంటావ్ బాబాయ్?”

“వయసులో బట్టీ దగ్గర చేశా. ఇప్పుడు ముగ్గుపిండి మిల్లులో బస్తాలు పడతన్నా.”

“బీడీ?”

“రోజుకో కట్ట.” కాసేపాగి, “ఇదేం జబ్బు కాదులే అమ్మా, వయసు మీద పడింది,” అంటాడు.

డాక్టరమ్మ మిషను గొట్టం అతని నోటికి అందిస్తుంది. నిండా పీల్చమంటుంది. “ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా!” ఆమెకు తెలియకుండానే లేచి నిలబడుతుంది. వరసలోవాళ్లూ మెడలు సాచుతారు. మీరు కూడా ఊపిరి బిగబట్టేస్తారు. అతని మెడ నరాలు తేలతాయి, ముఖం కందుతుంది, ఆఖరికి దగ్గులో పడిపోతాడు. మూడుసార్లు ఊదిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి తనలోంచి రాగల గాలిలో డెబ్బై పాళ్లకు పైనే మొదటి సెకనులో విసిరేస్తుంది. ఇతనికి సగం కూడా రాలేదు. గొట్టాలు సన్నబడిపోయాయి. లోపలికి వెళ్లిన గాలి బయటికి రావడానికి దారి చాలక అక్కడే ఆగిపోతోంది.

“ఇది వయసు కాదు బాబాయ్. నీ ఈడువాళ్లు పొలం దున్నుతున్నారు. ఇది పొగా, దుమ్మూ.”

పిడుగురాళ్ల బట్టీలు చూశారుగా. సున్నపురాయి, బొగ్గు వరసలు వరసలుగా పేర్చి కాలుస్తారు. సుమారు 900 డిగ్రీల వేడికి రాయి విడిపోతుంది. మేలిరకం రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. మిగతా 44 కిలోలు కంటికి కనపడని గాలిగా పైకి పోతుంది. దాంతోపాటే బొగ్గుపొగ. కాలిన రాయి తడి తగిలితే కుతకుత ఉడుకుతుందని పల్నాట్లో చిన్నపిల్లలకూ తెలుసు. మరి కంట్లో, ముక్కులో, గొంతులో ఉన్నదంతా తడే. ఆ పొడి అక్కడ పడితే అక్కడే మండిస్తుంది. రాతి పిండి సంగతి వేరు. అది అంత మండదు, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. అన్నిట్లోకీ చెడ్డది పలుగురాయిలో, గ్రానైటులో ఉండే సిలికా. సున్నపురాయిలో అది తక్కువ, కానీ క్వారీలో ఏ రాయికి డ్రిల్లు పెడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. సిలికా ధూళి ఊపిరితిత్తిని గట్టి మచ్చలుగా మార్చేస్తుంది. ఆ మచ్చను కరిగించే మందు లేదు. అందుకే అతనికి ఎక్స్‌రే కూడా రాస్తుంది.

“తువ్వాలు కట్టుకుంటానమ్మా.”

“తువ్వాలు చూపించు.” ఎండకెత్తి పట్టుకుంటుంది. నేత సందుల్లోంచి వేపాకులు కనపడతాయి. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తి అడుక్కి దిగే ధూళి రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నది. తువ్వాలు దానికి గేటు తీసిన పొలం. ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కునేలా పెట్టుకుంటే చాలావరకు ఆపుతుంది. మాసిన గడ్డం మీద పెడితే పక్కల్లోంచి దూరుతుంది.

నా మాట ఒకటి చెప్పనివ్వండి. దుమ్ము ఆగాల్సింది ముందు మిల్లు దగ్గర, ఆ తర్వాతే ముక్కు దగ్గర. పిండి పడేచోట మూత, దుమ్మును లాగేసే గొట్టం, రాయి కొట్టేటప్పుడు నీళ్లు. ఇవి ఇప్పుడు పుట్టిన ఆలోచనలు కావు. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో పెట్టింది. అది కనపడితే కబురు పంపాల్సిన బాధ్యత వైద్యం చేసిన డాక్టరు మీద కూడా ఉంది. ఏం పని చేస్తావని అడగని డాక్టరు ఆ కబురు ఎలా పంపుతాడు? ఇటలీలో రమజ్జినీ అనే వైద్యుడు 1700లో పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాశాడు. హిప్పోక్రటీసు రోగిని అడగమన్న ప్రశ్నలకు తోడు ఇంకొకటి చేర్చమన్నాడు: నీ వృత్తి ఏమిటి? మూడు వందల ఏళ్లు దాటిపోయాయి. అయిదు నిమిషాల్లో మందు చీటీ చేతిలో పెట్టే చాలాచోట్ల ఆ ప్రశ్న ఇప్పటికీ వినపడదు.

“ఇప్పుడు బీడీ మానితే మాత్రం ఏం లాభం అమ్మా? అంతా పోయిందిగా.”

“పోయింది రాదు బాబాయ్. ఉన్నది మిగులుద్ది. నీ ఊపిరి ఏటేటా తరుగుతా ఉంది. బీడీ తాగితే ఆ తరుగు జోరుగా ఉంటది. మానిన్నాటి నుంచి నెమ్మదిస్తది. రేపు మనవరాలి పెళ్లికి నీ కాళ్ల మీద నడిచి పోతావా, ఆక్సిజన్ సిలిండరుతో పోతావా అన్నది అక్కడుంది.”

అతను జవాబివ్వడు. గొట్టం వైపే చూస్తూ కూర్చుంటాడు.

తర్వాత కొన్ని ప్రశ్నలు చకచకా దొర్లిపోతాయి. ఆవిరి పట్టొచ్చా? జలుబుకు కాస్త హాయి, ఉబ్బసానికి కాదు. పెరుగు మానాలా? తిన్నప్పుడల్లా ఇబ్బంది అయితేనే. దగ్గుమందు సీసా నాలుగు రోజులు తాగితే చాలదా? దగ్గెందుకొస్తుందో తెలియకుండా దాన్ని నొక్కేయడం దేనికి?

డెబ్బై ఏళ్ల పెద్దమ్మ కర్ర పక్కన పెట్టి కూర్చుని, ఏకంగా పోట్లాటకే దిగుతుంది. “నేను చుట్ట ముట్టలా, బీడీ ముట్టలా. నాకెందుకొచ్చింది ఈ ఆయాసం?”

“ఏం పని చేశావు పెద్దమ్మా?”

“పనేముందే, వంటే.”

“దేంతో?”

“పత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె. ఏది దొరికితే అది.”

వంట పని కాదన్నట్టు చెప్పిందే, ఆ మాట దగ్గర డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. యాభై ఏళ్లు, రోజుకు రెండు పూటలు, కిటికీ లేని వంటపాక. బీడీ పొగ గొట్టాలను ఎలా సన్నం చేస్తుందో పొయ్యి పొగా అలాగే చేస్తుంది. జీవితంలో పొగ తాగని ఆడవాళ్లకు ఈ జబ్బు రావడానికి మన పల్లెల్లో పెద్ద కారణం ఇదే. గ్యాసు ఉంది కదా అంటే ఉంది. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. పెద్దమ్మ ఇంట్లో కూడా గ్యాసు మీద టీ కాస్తారు. స్నానానికి నీళ్లు మాత్రం ఇప్పటికీ మూడు రాళ్ల మీదే కాగుతాయి. రాజేసేది ఆమే.

“ఆ పొయ్యి ఆరుబయటకు మార్చు. రాజేసే పని ఇంకెవరికన్నా చెప్పు. ఊదమాక.”

“నేను కాక ఎవరు చేస్తారే,” అంటూ లేస్తుంది పెద్దమ్మ. దానికి డాక్టరమ్మ దగ్గర మందు లేదు.

ఎండ వేపచెట్టు మొదట్లోకి వచ్చేస్తుంది. ఆఖర్న ఒక తల్లి, ఎనిమిదేళ్ల పిల్ల. పిల్ల రొమ్ములోంచి సన్నగా పిల్లనగ్రోవి ఊదినట్టు మోత. కళ్లాం పక్కనే ఇల్లు. కాయలు ఎత్తేరోజుల్లో రాత్రంతా కూర్చునే ఉంటుందట.

“పంపు రాశారమ్మా. అలవాటు పడిపోద్దని మా అత్త వాడనీలా. మృగశిర కార్తెకు హైదరాబాదు పోయి చేపమందు ఏయిద్దాం అంటంది.”

మీరూ చూసే ఉంటారు. జూన్ మొదట్లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వాళ్ల మందు కోసం బారులు. పసుపుపచ్చని ముద్ద నోట్లో పెట్టిన కొర్రమీను పిల్లను మింగడానికి రాష్ట్రాలు దాటి వస్తారు. ఆ జనాన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు. రాత్రంతా కూర్చుని ఊపిరి లాగినవాడు ఎంత దూరమైనా వెళ్తాడు. కానీ ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని ఏ పరీక్షా రుజువు చేయలేదు. డాక్టరమ్మ ఆ మాట మెత్తగానే చెబుతుంది. “అత్తకు చెప్పు, చేపను నమ్ముకుని పంపు మానితే ప్రాణం మీదకొస్తది.”

తర్వాత కాగితం మీద లెక్క వేస్తుంది. ఉబ్బసానికి మింగే మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. అదే మందు పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100. మాత్ర ఒళ్లంతా తిరిగి గుండె దడ పుట్టించి, మిగిలింది ఊపిరితిత్తికి ఇస్తుంది. పంపు తిన్నగా అక్కడికే చేరుస్తుంది. ఇది ఆయాసం వచ్చినప్పుడు వాడేది. రెండో పంపు ఆయాసం లేకపోయినా రోజూ వాడేది, లోపలి వాపును తగ్గించేది. అది పీల్చాక నోరు పుక్కిలించాలి. “కళ్లజోడు అలవాటు అంటామా? ఇదీ అంతే.”

“దీనికి పీల్చటం చేతకాదమ్మా, నోట్లోనే పడిపోద్ది. ఆ గొట్టమేదో కొనమన్నారు…” అని ఆగిపోతుంది తల్లి.

డాక్టరమ్మ చెయ్యి అప్పుడు సీసా మీదకు, కత్తెర మీదకు వెళుతుంది. అరలీటరు నీళ్లసీసా. అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత చిల్లు కోస్తుంది, కోసిన అంచుకు టేపు చుడుతుంది. 1999లో దక్షిణాఫ్రికా డాక్టర్లు ఉబ్బసం ఎగదన్నిన పిల్లల మీద ఇలాంటి సీసానే పరీక్షించి, సరిగ్గా బిగిస్తే కొన్న గొట్టంలాగే పనిచేస్తుందని తేల్చారు. సీసా మూతి పిల్ల పెదాల మధ్య పెడుతుంది. పంపును బాగా కుదిపి, ఒక్కసారి నొక్కుతుంది. సీసాలో తెల్లటి పొగలాంటిది నిలబడుతుంది.

“ఇప్పుడు మామూలుగా ఊపిరి తీసుకో తల్లీ. తొందర లేదు. అయిదు లెక్కపెడదాం.”

తల్లి లెక్కపెడుతుంది. ఒకటి. ముగ్గుపిండి మనిషి వెళ్లలేదు, చెట్టు అవతల నిలబడి చూస్తున్నాడు. రెండు. పిల్ల ఊపిరికి సీసా లోపల మసక పట్టి, విడిపోతుంది. మూడు. రోడ్డు మీద మిరప టిక్కీల లారీ వెళుతుంది, వరసంతా దగ్గుతుంది, డాక్టరమ్మ కూడా. నాలుగు. పిల్ల మాత్రం సీసా వదల్లేదు.

అయిదు.