ఎక్సోసోమ్‌లు
కణాలు బయటికి వదిలే అతి చిన్న కొవ్వుపొర సంచులు. వ్యాసం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. 1980లలో గుర్తించినప్పుడు కణం పారబోసే చెత్త అనుకున్నారు. ఇవి కణాల మధ్య ఉత్తరాలని తర్వాత తేలింది. క్యాన్సర్ కణం వీటిలో ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు నింపి రక్తంలోకి పంపుతుంది. చిరునామా పైపొర మీది ఇంటెగ్రిన్ ప్రొటీన్లలో ఉంటుంది: 2015లో పరిశోధకుడు డేవిడ్ లైడెన్ బృందం చూపినట్టు, ఆల్ఫా6బీటా4 ఉన్నవి ఊపిరితిత్తులకు, ఆల్ఫావీబీటా5 ఉన్నవి కాలేయానికి చేరతాయి. క్యాన్సర్ కణాలు రాకముందే ఈ సంచులు అక్కడ నేల దున్ని ఉంచుతాయి. ఈ రంగంలో ఇంతకన్నా కలవరపెట్టే సంగతి లేదు. మామూలు సూక్ష్మదర్శినికి ఇవి అందవు. భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలంతో అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున పేరుకుంటాయి. ఆరబెట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే గిన్నెలా సొట్టబోయి కనిపిస్తాయి. గడ్డకట్టించి చూసే పద్ధతిలో గుండ్రంగానే ఉంటాయి.