సబ్బుపెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు

మా ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌కి కులగోత్రాలు లేవు. మోటారు ఒక కంపెనీది, డబ్బా ఇంకో కంపెనీది, పైపు ఎవరిదో తెలీదు. సికింద్రాబాద్‌లో ఓ మెకానిక్ పాత సామాన్లలోంచి ఏరి, కూర్చి అమ్మాడు. పైపు వదులుగా ఉందంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. చూసిన బంధువులందరిదీ ఒకటే ప్రశ్న: "ఒరిజినల్ కొనుక్కోకపోయారా?" ఆ ఒరిజినల్ సంగతేమిటో చూద్దామని చరిత్ర తిరగేశాను.

1907లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. వయసు అరవైకి దగ్గర, పైగా ఉబ్బసం. తివాచీలు ఊడిస్తే లేచే దుమ్ముకి ఆయాసం వచ్చేది. ఓ ఫ్యాను మోటారు తెచ్చి, సబ్బుపెట్టెలో బిగించి, చీపురు కర్ర తగిలించి, దుమ్ము పట్టడానికి వెనకాల దిండు గలీబు కట్టాడు. ఒక్కటీ దీనికోసం తయారైన భాగం కాదు! 1908 జూన్ 2న పేటెంటు వచ్చింది. ఆయన బంధువు సూసన్ భర్త విలియం హూవర్, తోలు సామాన్ల వ్యాపారి, ఆ హక్కులు కొన్నాడు. ఆ తర్వాత బ్రిటన్‌లో హూవర్ అన్న మాటే ఊడవడానికి క్రియాపదమైపోయింది. స్పాంగ్లర్ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

అంతకు ఆరేళ్ల ముందే, 1901లో, లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు ఒక అమెరికన్ యంత్రం ప్రదర్శన చూశాడు. అది దుమ్మును ఊదేది. ఊదే బదులు పీల్చవచ్చుగా అంటే, అది అయ్యే పని కాదన్నాడట తయారు చేసినవాడు. బూత్ ఊరుకోలేదు. హోటల్లో కుర్చీ మీద రుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడు. దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు గానీ రుమాలుకి అవతలి వైపు దుమ్ము అంటుకుంది. ఈ కథ చెప్పింది బూత్ స్వయంగానే కాబట్టి కొంచెం ఉప్పు, కారం కలిసి ఉండవచ్చు. అతని యంత్రం మాత్రం గుర్రబ్బండి మీద వచ్చేది, పొడుగాటి పైపులు కిటికీల్లోంచి ఇళ్లలోకి దూరేవి.

నిజానికి "పీల్చే శక్తి" అంటూ ఏదీ లేదు. ప్రకృతికి శూన్యమంటే గిట్టదని అరిస్టాటిల్ సంప్రదాయం శతాబ్దాలపాటు నమ్మించింది. 1640లలో టోరిచెల్లి పాదరసం గొట్టంతో, 1648లో పాస్కల్ తన బావగారిని కొండ ఎక్కించి చేయించిన పరీక్షతో అది బయటి గాలి నెట్టుడే తప్ప మరోటి కాదని తేలింది. మోటారు లోపలి గాలిని కొంత బయటికి తోస్తుంది, అంతే. మిగతా పనంతా వాతావరణానిది. వాతావరణానికి బ్రాండు తెలీదు, ఎక్కడ సందుంటే అక్కడ దూరుతుంది. మా యంత్రంలో ఆ ట్యూబు ముక్క ఊడిన రోజు, మోటారు ఎంత అరిచినా బియ్యపు గింజ కదల్లేదు.

అరవడం అంటే గుర్తొచ్చింది. పైపు మూసుకుపోతే మోటారు కీచుమంటుంది. కష్టపడుతోంది పాపం అనుకుంటాం. ఉల్టా! గాలి ఆడక ఫ్యానుకి పని తగ్గి వేగం పెరుగుతుంది. వాట్ల సంగతీ ఇలాంటిదే. అది మోటారు తినే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు. యూరోపియన్ యూనియన్ 2014లో 1600 వాట్లు, 2017లో 900 వాట్లు పరిమితి పెడితే ఇళ్లేమీ దుమ్ము కొట్టుకుపోలేదు.

ఇక నా బండారం చెప్పాలి. మా ఆవిడకి ఉబ్బసం. మృగశిర కార్తె వస్తే చాలు, చేప మందు వేయించమని చుట్టాల పోరు. నేను జన విజ్ఞాన వేదిక వాళ్ల వాదనలన్నీ అప్పజెప్పేవాణ్ణి: పరీక్షలేవీ? పోల్చి చూసిన రోగులేరీ? అదే నోటితో, స్పాంగ్లర్ కథ చెప్పి, ఈ యంత్రం తెస్తే ఆయాసం తగ్గుతుందని ఇంట్లో ఒప్పించాను. పరుపు మీద నడిపి, సంచీలో నల్లటి దుమ్ము చూపించాను. బాబాగారి విభూతి ప్రదర్శనకీ దానికీ తేడా ఏమిటి? ఏ పరుపు మీద నడిపినా దుమ్ము వస్తుంది. దుమ్ము రావడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

తర్వాత చదివాను. పరుపు దుమ్ములో ఉండే నల్లుల్లాంటి సూక్ష్మజీవుల్ని తగ్గించే పద్ధతుల మీద 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 54 ప్రయోగాలు, దాదాపు 3,000 మంది రోగుల్ని లెక్కలోకి తీసుకుంది. ఆ పద్ధతుల వల్ల ఉబ్బసానికి ఉపయోగం కనబడలేదని తేల్చింది. పైగా పాత సంచీ నేత వదులైతే సన్న దుమ్ము వెనకనుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. స్పాంగ్లర్ దిండు గలీబు ఎంత ఆపి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒకాయనకి సుఖంగా అనిపించిందన్నది రుజువైతే, చేప మింగినవాళ్లలో అలా చెప్పేవాళ్లు వేలమంది దొరుకుతారు.

ఈ మాట ఇంట్లో ఒప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. "అంటే మా పెద్దమ్మా, నువ్వూ ఒకటేనన్నమాట," అంది. మందు డాక్టరు రాసిన ఇన్‌హేలరే. క్లీనర్ సోఫా కింద ఊడవడానికి పనికొస్తోంది, అది నడిచేటప్పుడు ఆవిడ పక్క గదిలో ఉంటుంది. మొన్న మళ్లీ ట్యూబు ముక్క చీలింది. ఈసారి స్కూటర్‌ది వేశాం.