ఆవిరి రైలు నీటి టాంకీలు: నిజాం రైల్వే జలవ్యవస్థ, పరిరక్షణ దృక్పథం

ఉపోద్ఘాతం

ఆవిరి ఇంజను నడవాలంటే నిప్పు, నీరు రెండూ కావాలి. తెలంగాణలో నిప్పు చరిత్ర కొంతవరకు గ్రంథస్థమైంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడం, 1889లో తవ్వకాలు మొదలుకావడం, సింగరేణి పేరు స్థిరపడటం ఈ ప్రాంత ఆర్థిక చరిత్రలో తరచుగా ప్రస్తావనకు వచ్చే విషయాలు. నీటి చరిత్రకు అంతటి స్థానం దక్కలేదు. బొగ్గుకు గని ఉంది, కంపెనీ ఉంది, కార్మిక సంఘం ఉంది. నీటికి మిగిలినది స్టేషన్ చివర ఎత్తయిన దిమ్మెపై నిలిచే ఒక టాంకీ మాత్రమే.

ఆ టాంకీని ఒంటరి కట్టడంగా కాక బావి, పంపు, గొట్టం, తొట్టి, ఇంజనుకు నీరందించే స్తంభం, వీటన్నిటినీ నడిపిన మనిషి, అతడు వాడిన మాట కలిసిన వ్యవస్థగా చూసినప్పుడే దాని పరిరక్షణ సార్థకమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కామారెడ్డి, నిజామాబాద్, బోధన్‌ల మీదుగా సాగిన రైలు మార్గాలను ప్రధాన క్షేత్రంగాను, నౌపడా–గుణుపురం, నీలగిరి మార్గాలను పోలికలుగాను గ్రహించడమైనది.

పట్టాలు వచ్చిన తీరు

హైదరాబాదు రాజ్యంలోకి రైలు 1874లో వాడి–సికింద్రాబాదు మార్గంతో వచ్చింది. దీని పెట్టుబడి భారం నిజాం ప్రభుత్వానిదే. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులోని ‘గ్యారంటీ’ అనే మాటలోనే దాని ఆర్థిక స్వభావం ఉంది. లాభం వచ్చినా రాకపోయినా మదుపుదారులకు వడ్డీ చెల్లించే పూచీ ప్రభుత్వ ఖజానాది. మార్గాన్ని చాందా వైపు పొడిగించే పథకాన్ని ప్రశ్నించినందుకే అఘోరనాథ చట్టోపాధ్యాయ 1883లో హైదరాబాదు నుండి బహిష్కృతులయ్యారు. ఆధునిక హైదరాబాదులో పౌరులు ప్రభుత్వ వ్యయాన్ని బహిరంగంగా ప్రశ్నించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. రైలు కట్టడాల పరిరక్షణను చర్చించేటప్పుడు ఈ నేపథ్యాన్ని మరువరాదు. మనం కాపాడదలచిన వస్తువు ఒక రాజు వైభవానికి చిహ్నం కాదు. అది ప్రజల పన్నులతో నిర్మితమైనది, ప్రజల వివాదానికి గురైనది.

1889 నాటికి పెద్ద గేజి మార్గం బెజవాడకు చేరింది. ఆ తరువాత సికింద్రాబాదు నుండి మన్మాడ్ వరకు మీటరు గేజి మార్గం ఏర్పడింది. హైదరాబాదు–గోదావరి లోయ రైల్వేగా పేరొందిన ఈ మార్గం కామారెడ్డి, నిజామాబాద్, బాసరల మీదుగా గోదావరిని దాటి మరాఠ్వాడాలో ప్రవేశిస్తుంది. 1930లో ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను స్వాధీనం చేసుకున్నది. ఆ దశాబ్దంలోనే జానకంపేట నుండి బోధన్‌కు శాఖామార్గం పడింది. 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో ముగిసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీరపై కట్టిన ఆ జలాశయం కింద చెరకు సాగు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. జలాశయం, చెరకు, కర్మాగారం, రైలు అనే ఈ వరుసను గమనిస్తే, బోధన్ శాఖామార్గాన్ని నీరే పిలిపించుకున్నదని చెప్పవచ్చు.

మంజీరకు పడమట ఉన్న బిచ్కుందకు మాత్రం పట్టాలు చేరలేదు. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు కలిసే ఈ సరిహద్దు సీమలో రైలు అంటే నదికి ఆవల బోధన్ దాకా వెళ్లి అందుకోవలసిన వస్తువే. బోధన్–బీదర్ మార్గం ప్రతిపాదన దీర్ఘకాలంగా వినిపిస్తూనే ఉన్నది. రైలుకు నీరిచ్చే నది పక్కనే ఉండి, ఆ రైలును దూరం నుండి చూసిన ఊరుగా బిచ్కుందను పరిగణిస్తే ఈ చరిత్రకు మరొక కోణం లభిస్తుంది. రైల్వే చరిత్రను స్టేషన్లున్న ఊళ్ల చరిత్రగా మాత్రమే రాయరాదని ఆ కోణం గుర్తుచేస్తుంది.

ఇంజను దాహం

ఆవిరి ఇంజనుకు అంత నీరు ఎందుకు కావలసివచ్చింది? సాధారణ వాతావరణ పీడనం వద్ద ఒక లీటరు నీరు 1,600 లీటర్లకు పైగా ఆవిరి అవుతుంది. ఆ వ్యాకోచమే ముషలకాన్ని తోసి చక్రాన్ని తిప్పుతుంది. పని ముగిసిన ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరుగా మార్చుకునే ఏర్పాటు సాధారణ రైలింజనులో ఉండదు. ఆ ఆవిరిని పొగగొట్టం ద్వారా బలంగా వెళ్లగొట్టి, ఆ ఊపుతోనే పొయ్యిలోకి గాలిని లాగుతారు. అంటే మంట బాగా మండాలంటే నీరు ఆకాశం పాలు కావలసిందే. ఇంజను పొగ వెంట కనిపించే తెల్లని మేఘం మునుపటి స్టేషన్‌లో పట్టుకున్న నీరే.

అందువల్ల దారి పొడవునా నిర్ణీత దూరాలలో నీరు నింపే స్టేషన్లు అవసరమయ్యాయి. ఇంజను ఆగే కొద్ది నిమిషాలలో వేల లీటర్లు అందాలి. చిన్న పంపుకు అది సాధ్యం కాదు. పంపు రోజంతా నెమ్మదిగా ఎత్తిపోసిన నీటిని ఎత్తున నిలవచేసి, అవసరమైనప్పుడు ఒక్కసారిగా వదలడమే టాంకీ చేసే పని. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక వాతావరణ పీడనం చేకూరుతుంది. కనుక టాంకీ ఎత్తు అలంకారం కాదు. నీటి వేగాన్ని నిర్ణయించే కొలత. టాంకీ నుండి భూగర్భ గొట్టం ద్వారా వచ్చిన నీరు ప్లాట్‌ఫారం చివర నిలిచే స్తంభానికి చేరుతుంది. కొంగ మెడవలె వంగిన ఆ స్తంభం చేతిని ఇంజను తొట్టి మీదికి తిప్పి నీరు వదులుతారు.

నీటి పరిమాణంతో పాటు గుణం కూడా ముఖ్యమే. సున్నపు లవణాలు అధికంగా ఉన్న నీరు బాయిలరు లోపల పెచ్చు కడుతుంది. పెచ్చు మందమైనకొద్దీ వేడి నీటికి అందక బొగ్గు ఖర్చు పెరుగుతుంది. లోహం అతిగా కాగి ప్రమాదం కలుగుతుంది. అందుకే బాయిలరును నిర్ణీత కాలానికి ఖాళీచేసి కడగడం తప్పనిసరి విధి. ఏ బావి నీరు మెత్తన, ఏ బావి నీరు గట్టిదన్న ఎరుక లేనిదే రైలు సజావుగా నడవదు. పంటకాపుకు, ఇల్లాలికి తెలిసిన నీటి విచక్షణ ఇంజను డ్రైవరుకూ అవసరమైంది.

చెరువు తూము, టాంకీ వాల్వు

తెలంగాణ గ్రామానికి ఈ సూత్రం కొత్తది కాదు. వాననీటిని ఎత్తున కట్ట వేసి ఆపడం, తూము ద్వారా విడవడం, కాలువల వెంట పల్లానికి పారించడం చెరువు వ్యవస్థ. టాంకీ పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద. చెరువులో ఎత్తును భూమి వాలు ఇస్తుంది. టాంకీలో ఎత్తును పంపు, దిమ్మె ఇస్తాయి. చెరువు తూము తెరిచి మూసే బాధ్యత గ్రామ సేవకుడైన నీరటిది. రైల్వేలో దాదాపు అలాంటి బాధ్యత పంపు నడిపే ఉద్యోగిది. ఇద్దరికీ నీటి మట్టాన్ని కనిపెట్టడం, వంతు తప్పకుండా అందించడమే వృత్తి.

ఇద్దరి మధ్య తేడా కూడా చెప్పుకోదగినదే. నీరటి పంచేది ఊరి నీరు. అతని వంతులను ఊరు ప్రశ్నించగలదు. పంపు ఉద్యోగి పంచేది కాలపట్టికకు కట్టుబడిన నీరు. అతడు జవాబు చెప్పుకోవలసింది రైల్వేకే. స్టేషన్ నీటికై చెరువు మీదనో చెరువు ఊటతో నిండే బావి మీదనో ఆధారపడిన చోట ఆ నీటిలో ఊరికి తెలియని కొత్త వాటాదారు ప్రవేశించినట్లే. కరువు ఏటిలో ఈ రెండు కాలగణనలు, పంట కాలమూ రైలు కాలమూ, ఒకే నీటి చుట్టూ ఎదురుపడతాయి. టాంకీని మూలాధారమైన బావితో కలిపి అధ్యయనం చేయాలనడానికి ప్రధాన కారణం ఇదే.

మాటల వారసత్వం

రైలు తెలుగులోకి పట్టాలతో పాటు పదాలనూ తెచ్చింది. పండితులు ‘ధూమశకటం’ అన్నారు. జనం ‘పొగబండి’ అన్నారు. చివరకు ‘రైలుబండి’ నిలిచింది. ఈ మూడింటిలో మొదటి రెండూ పొగనే చూశాయి. నీటిని గాని ఆవిరిని గాని చూడలేదు. కంటికి కనబడే పొగ పేరుకెక్కింది. బండిని నిజంగా నడిపే నీరు పేరు లేనిదైంది. ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన చరిత్రరచనలోని లోపం భాషలో ముందే ఉన్నదనవచ్చు.

తెలంగాణ వ్యవహారంలో టాంకీ, నల్లా, హౌజు అనే మాటలు నీటి నిలవకు, సరఫరాకు సంబంధించినవి. ఉర్దూ, ఇంగ్లీషు మూలాల నుండి వచ్చి ఇంటి మాటలైనవి. వీటి పక్కన తూము, మోట, కట్ట, ఊట వంటి దేశ్య పదాలు నిలుస్తాయి. ‘నీళ్లు పట్టుకోవడం’ అనే క్రియ బిందెకూ ఇంజనుకూ సమానంగా వర్తిస్తుంది. రెండు నీటి సంస్కృతుల కలయికకు ఇంతకన్న సూటి సాక్ష్యం అవసరం లేదు.

ఇటువంటి సాక్ష్యాన్ని చరిత్రకు వినియోగించే పద్ధతి తెలుగులో కొత్తది కాదు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర, కావ్యాలలోని వస్తు వర్ణనలను జనజీవన చరిత్రకు ఆధారాలుగా గ్రహించింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభించిన మాండలిక వృత్తి పదకోశం, శ్రామికుని నోటి మాటను శాస్త్రీయ సేకరణకు అర్హమైనదిగా నిలబెట్టింది. సంప్రదాయ వృత్తులకు దక్కిన ఆ శ్రద్ధ రైల్వే శ్రామికుల పలుకుబడికీ దక్కాలి. ఆవిరి యుగంలో పనిచేసినవారు నేడు వృద్ధులు. ఇనుము తుప్పుపట్టడానికి దశాబ్దాలు పడుతుంది. మాట ఒక తరంతో పోతుంది. కనుక పరిరక్షణలో మొదటి వంతు మాటదే కావాలి.

రెండు మార్గాలు, రెండు ఫలితాలు

పర్లాకిమిడి సంస్థానం నిర్మించిన నౌపడా–పర్లాకిమిడి చిన్న గేజి మార్గం 1900లో ప్రారంభమై, 1931లో గుణుపురం వరకు సాగింది. నౌపడా శ్రీకాకుళం సీమలోనిది. ఆ రైలు వచ్చిన కాలానికి గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలోనే అధ్యాపకులు. సవరల మాటలను వారి నోటి నుండే సేకరిస్తున్నవారు. 2004లో ఈ మార్గాన్ని గేజి మార్పిడికై మూసివేశారు. 2011లో పెద్ద గేజిగా మళ్లీ తెరిచారు. ప్రయాణికులకు మేలు జరిగింది. చిన్న గేజి మార్గం ఒక వ్యవస్థగా మాత్రం మిగలలేదు. 1992లో చేపట్టిన ఏక గేజి విధానం ఫలితంగా సికింద్రాబాదు–మన్మాడ్ మార్గంలోని మన భాగానికీ ఈ శతాబ్ది తొలి దశకంలో ఇదే మార్పు జరిగింది. ప్రజల అవసరం దృష్ట్యా ఈ మార్పు సమంజసమే. మార్పుకు ముందు కొలతలు, చిత్రాలు, మాటలు నమోదు చేసుకోవడం ఆ మార్పుకు అడ్డు కాదన్నదే ఇక్కడి వాదం.

నీలగిరి కథ వేరు. మేట్టుపాళయం–కూనూరు మధ్య 1899లో మొదలై 1908లో ఊటీ చేరిన ఈ మార్గంలో పళ్ల పట్టాతో 12.5కు 1 వాలును ఇంజను ఎక్కుతుంది. ఆవిరి ఇంజన్లు నడుస్తున్న ఈ ఎక్కుడు భాగంలో హిల్‌గ్రోవ్, రన్నిమీడ్ వంటి స్టేషన్లలో ఇంజను ఆగి నీళ్లు పట్టుకుంటుంది. డార్జిలింగ్ రైల్వేకు 1999లో లభించిన ప్రపంచ వారసత్వ గుర్తింపును యునెస్కో 2005లో నీలగిరికి విస్తరించింది. అక్కడి నీటి ఏర్పాట్లు నిలిచినది గుర్తింపు వల్ల మాత్రమే కాదు. వాటి అవసరం తీరిపోకపోవడం వల్ల. నింపే తొట్టి, ఖాళీ అయ్యే ఇంజను ఉన్నంతకాలం వాల్వును ఎవరో ఒకరు మరమ్మతు చేస్తూనే ఉంటారు.

పరిరక్షణ సమస్యలు

ఆవిరి తిరిగిరాని మన మార్గాలలో ఏమి చేయాలి? మొదటి చిక్కు చట్టానిది. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రాచీన కట్టడానికి 100 ఏళ్ల వయస్సును ప్రమాణంగా పెట్టింది. 1930లలోని నిర్మాణాలు ఆ గడప దగ్గర నిలిచి ఉన్నాయి. వయస్సు చాలినా కోట, గుడి, మసీదులతో పోటీపడి నీటి టాంకీ జాబితాకెక్కడం కష్టం. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం పరిధిని విశాలంగా అన్వయించే అవకాశం ఉన్నా, రైల్వే ఆస్తి కేంద్రానిది కనుక రెండు ప్రభుత్వాల సమన్వయం తప్పనిసరి.

రెండవది పదార్థ సంబంధి. పోత ఇనుప పలకలను మరలతో బిగించిన తొట్టె, అచ్చుపోసినట్లు నొక్కిన నాలుగడుగుల ఉక్కు పలకల తొట్టె ఒకే రీతిలో శిథిలం కావు. రెండింటికీ శత్రువు లోపల నిలిచే చెమ్మ. సున్నపు గచ్చుతో కట్టిన పాత దిమ్మెలను సిమెంటుతో పూస్తే చెమ్మ లోపలే చిక్కి రాయి పగులుతుంది. పాత సీసపు రంగులను గీకేటప్పుడు పనివారి ఆరోగ్యానికి జాగ్రత్త కావాలి. మంచి ఉద్దేశంతో వేసిన కొత్త రంగు పాత కట్టడానికి మేలు చేస్తుందన్న భరోసా లేదు.

మూడవది వినియోగం. ఇంగ్లండులోని సెటిల్ స్టేషన్ నీటి టవరును నివాసగృహంగా మార్చారు. కట్టడం నిలిచింది, దానికి నీటితో సంబంధం తెగింది. మన ప్రాంతానికి అంతకన్న తగిన మార్గం, బలంగా ఉన్న టాంకీలను వాననీటి నిలవకు, స్టేషన్ తోటల తడికి వినియోగించడం. వాడుకలో ఉన్నదే నిలుస్తుందన్న నీలగిరి పాఠానికి ఇది అనువర్తనం. బలహీనమైన వాటిని జనం తిరిగే చోట నిలిపి ఉంచడం శ్రేయస్కరం కాదు. వాటిని కొలిచి, చిత్రించి, ఒక స్తంభాన్నో వాల్వునో ప్రదర్శనకు భద్రపరచి, మిగిలినదాన్ని విడవడమే వివేకం. అన్నిటినీ కాపాడాలన్న పట్టుదల చివరకు దేనినీ కాపాడదు.

ముగింపు

నీటి టాంకీ విలువ దాని ఎత్తులో గాని వయస్సులో గాని లేదు; అది కలిపిన సంబంధాలలో ఉన్నది. బావిని పంపుతో, పంపును ఇంజనుతో, ఊరి నీటిని రాజ్య వాణిజ్యంతో, తూము మాటను వాల్వు మాటతో అది కలిపింది. కనుక పరిరక్షణ మూడు వరుసలలో సాగాలి: ముందు శ్రామికుల మాటల సేకరణ, ఆపై మూలాధారంతో సహా వ్యవస్థ నమోదు, చివర ఎంపిక చేసిన కట్టడాల రక్షణ. చివరి పని ఇంజనీర్లది. రెండవదానిలో చరిత్రకారులకు పాత్ర ఉంది. మొదటిది తెలుగు శాఖలదే. కామారెడ్డి, బోధన్ స్టేషన్లతో పాటు పట్టాలు చేరని బిచ్కుంద వంటి ఊళ్లలో కూడా ఆ సేకరణ జరగాలి. రైలును నడిపినవారి మాటతో పాటు, దాని కోసం ఎదురుచూసినవారి మాట కూడా ఆ చరిత్రలో భాగమే.