కత్తి లేని లూచియా

పెళ్లిరాత్రే పెళ్లికొడుకును పొడిచి చంపి, మతి తప్పి, విందు జరుగుతున్న హాల్లోకి నడిచొస్తుంది లూచియా. ఆ ఘట్టంలో నెత్తుటి కత్తి పట్టుకుని రావడం చాలామంది గాయనులకు అలవాటు. 1954 జనవరిలో మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా హౌస్‌లో గాయని మరియా కల్లాస్ వట్టి చేతులతో వచ్చింది. జరిగిన ఘోరాన్ని గొంతుతోనే చూపించింది.

వాల్టర్ స్కాట్ నవల ఆధారంగా దొనిజెట్టీ కూర్చిన 'లూచియా దీ లామెర్మూర్' ఒపెరాను 1835లో నేపుల్స్‌లో తొలిసారి ప్రదర్శించారు. లూచియా మనసిచ్చింది తమ వంశానికి పగవాడైన ఎద్గార్దోకి. అన్న దొంగ ఉత్తరం చూపించి, ప్రియుడు మోసం చేశాడని నమ్మించి, పెళ్లిపత్రం మీద సంతకం చేయించి ఆర్తూరోకి కట్టబెడతాడు. అక్కడే ఆమె మనసు విరిగిపోయింది. అయితే తర్వాతి కాలంలో సన్నటి గొంతుల గాయనులు ఈ పాత్రను గాత్ర విన్యాసాలకు వేదికగా మార్చేశారు. పిచ్చి ఘట్టంలో వేణువుతో పోటీపడుతూ సాగే పేరుమోసిన ఆలాపన దొనిజెట్టీ రాసింది కాదు, తర్వాత చేరింది. జనం చప్పట్లు కొట్టేవారు గానీ, లూచియా బాధ ఎవరికీ పట్టేది కాదు.

వాగ్నర్ ఒపెరాలు పాడిన బరువైన గొంతు కల్లాస్‌ది. మన కచేరీల్లో మంచి సంగతి ప్రతిదీ సాహిత్యాన్ని మరో మెట్టు ఎక్కించినట్టు, ఆమె వేసే ప్రతి గమకం వెనకా ఓ కారణం ఉంటుంది. 1955లో కరయాన్ వాద్యబృంద నిర్వహణలో బెర్లిన్‌లో పాడిన రికార్డింగు వినండి. తొలి అంకంలో బావి దగ్గర కనిపించిన దెయ్యం సంగతి చెబుతున్నప్పుడే ఆ గొంతులో వణుకు మొదలవుతుంది. అంటే పిచ్చి ఉన్నట్టుండి పుట్టింది కాదు, మొదటినుంచీ పొంచి ఉంది. చివరికి వేణువు పాత ప్రేమగీతం వరసను ఎత్తుకోగానే గొంతు చిన్నపిల్లదైపోతుంది. అంతలో మళ్లీ దెయ్యం కనబడుతుంది, స్వరం నల్లబడుతుంది. రెండింటి నడుమా ఊపిరి తీసుకునేంత వ్యవధే.

1952లో లండన్‌లో 'నోర్మా' ఒపెరాలో కల్లాస్ పక్కన చెలికత్తెగా పాడిన జోన్ సదర్లాండ్, 1959లో అదే వేదిక మీద రక్తపు మరకల గౌనుతో లూచియాగా వచ్చి ప్రపంచ ఖ్యాతి పొందింది. ఆమె గొంతులోని నునుపు, నిలకడ కల్లాస్‌కు లేవు. అయినా పెళ్లిపత్రం మీద సంతకం చేసిన పిల్లకు ఏమైందో తెలియాలంటే నేను వెళ్లేది కల్లాస్ దగ్గరికే.