కొని తెచ్చిన పండుగ

"ఏందమ్మా, సకినాలు గూడ దుకాన్లనే కొనుకొచ్చినవా?"

మొన్న సంక్రాంతికి మూడు రోజుల ముందు మా అత్తమ్మ అన్న మాట ఇది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని. ఏదో పోగొట్టుకున్న మనిషిలా నెమ్మదిగా అన్నారు. బల్లమీద పెట్టిన రెండు కిలోల ప్యాకెట్టు వంక నేనూ దోషిలా చూస్తూ నిలబడ్డాను.

నా కారణాలు నాకున్నాయి. సీరియల్ భాగం పంపాల్సిన గడువు నెత్తిమీద ఉంది. కొత్తబియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, ఉతికిన గుడ్డమీద వేళ్ళ మధ్యనుంచి పిండిని మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వెయ్యాలంటే ఒక్కరి వల్ల అయ్యే పనా? మా జనగామలో ఒకప్పుడు ఇంటికి నలుగురు అమ్మలక్కలు కూడేవారు. ముందు పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తరువాత ముచ్చట్లు చెప్పుకుంటూ మొదలుపెట్టేవారు. ఇప్పుడు ఆ నలుగురిలో ఇద్దరు హైదరాబాదులో, ఒకరు కొడుకు దగ్గర అమెరికాలో. మిగిలింది నేనూ, నా నడుం నొప్పీ!

అయినా అత్తమ్మ మాట ముల్లులా గుచ్చుకుంది. కొని తెచ్చిన పండుగ పండుగ కాదా? ఆ ప్రశ్న వేసుకుంటే నాకు న్యూజెర్సీలో తిన్న ఒక విందు గుర్తొచ్చింది.

కొన్నేళ్ళ కిందట ఉగాది వెళ్ళిన రోజుల్లో మా చెల్లెలి దగ్గర ఉన్నాను. పక్కింటావిడ యూదురాలు, ఆస్పత్రిలో నర్సు. పస్కా పండుగకు మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఈజిప్టులో బానిసలుగా ఉన్న తమ పూర్వులు విముక్తులైన రోజును యూదులు తలుచుకునే పండుగ అది. వాళ్ళదీ చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కపెట్టే పంచాంగమే. నిండు పున్నమి రాత్రి విందు మొదలవుతుంది.

బల్ల మధ్య పళ్ళెం చూసి నాకు మన ఉగాది పచ్చడి గుర్తొచ్చింది. ఘాటెక్కించే ఒక దుంప తురుము బానిసత్వపు చేదుకు గుర్తట. ఉప్పునీళ్ళలో ముంచి తినే ఆకు కన్నీళ్ళకు గుర్తు. ఆపిలు, అక్రోటు, ద్రాక్షసారా కలిపిన తియ్యటి ముద్ద వాళ్ళ పూర్వులు ఇటుకల మధ్య మెత్తిన అడుసుకు గుర్తు. పక్కన ఉడికించిన గుడ్డు, కాల్చిన గొర్రె ఎముక. వీటన్నిటితోబాటు మట్జా అనే పొంగని రొట్టె. పారిపోయే తొందరలో పిండి పులిసేదాకా ఆగడానికి వ్యవధి ఎక్కడిది? అందుకే ఇప్పటికీ పిండికి నీళ్ళు తగిలిన క్షణం నుంచి 18 నిమిషాలలోపల రొట్టె కాలిపోవాలని నియమం.

"ఇంత పని ఒక్కదానివే ఎలా చేశావమ్మా?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించింది. వరసగా అల్యూమినియం రేకు పళ్ళాలు! సూపు, చేపముద్దలు, మాంసం, చివరికి ఆ తియ్యటి ముద్దతో సహా అన్నీ దుకాణం నుంచి వచ్చినవే. తను చేసిందల్లా పొయ్యి వెలిగించి వెచ్చబెట్టడమేనట. వాళ్ళ అమ్మమ్మ మాత్రం పండుగ వస్తోందంటే చాలు, రొట్టె పొడి కూడా మిగలకుండా ఇల్లంతా దులిపి, గిన్నెలు మార్చి, పండుగనాటికి మంచమెక్కేదట. మనం సంక్రాంతికి ముందు బూజులు దులుపుకోమూ, అదే బాపతు!

ఇంటికొచ్చాక ఆ మట్జా కథ చదివితే, మా అత్తమ్మ ప్రశ్న నిన్నా మొన్నటిది కాదని తెలిసింది.

1838లో ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో ఐజాక్ సింగర్ అనే ఆయన మట్జా పిండిని వత్తే యంత్రం ఒకటి తయారుచేశాడు. మన కుట్టుమిషను సింగర్ వేరు సుమండీ, పేరొక్కటే. అక్కడినుంచి యంత్రం ఊరూరా పాకింది. 1859కి రచ్చ మొదలైంది. బ్రోడీ పట్టణంలోని సొలొమన్ క్లూగర్ అనే మతగురువు యంత్రపు రొట్టె పనికిరాదన్నాడు. ల్వీవ్‌లోని జోసెఫ్ సాల్ నాథన్సన్ అనే గురువు నిక్షేపంలా పనికొస్తుందన్నాడు. ఈ రెండు ఊళ్ళూ అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేవి, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నాయి.

క్లూగర్ చెప్పిన కారణాలు కొన్ని శాస్త్రానికి సంబంధించినవి. యంత్రం పళ్ళలో పిండి ఇరుక్కుని పులిస్తే ఎలా? పండుగ కోసమే చేస్తున్నామన్న సంకల్పం మనిషికి ఉంటుంది గాని యంత్రానికి ఉంటుందా? ఇంతవరకూ మన మడి వంటల వాదం లాంటిదే. కాని ఆయన చెప్పిన మరో కారణం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పండుగ ముందు ఇళ్ళకూ బట్టీలకూ వెళ్ళి రొట్టెలు వత్తేది బీద ఆడవాళ్ళు. ఆ నాలుగు డబ్బులతోనే వాళ్ళ ఇంట్లో పండుగ జరిగేది. యంత్రం వస్తే వాళ్ళ పండుగ ఏం కావాలి?

లోకం యంత్రం పక్కనే నిలబడింది. 1888లో డోవ్ బేర్ మానిషెవిట్జ్ అనే ఆయన అమెరికాలోని సిన్సినాటిలో కార్ఖానా పెట్టాడు. గుండ్రటి రొట్టె కాస్తా పెట్టెలో ఇమిడే నలుచదరపు రొట్టె అయింది. రొట్టె దుకాణానికి వచ్చాక మిగతావి ఊరుకుంటాయా? ఆ రాత్రి అందరూ కలిసి చదువుకునే హగ్గదా అనే పుస్తకాన్ని 1932లో మాక్స్‌వెల్ హౌస్ కాఫీ కంపెనీ అచ్చువేసి కాఫీ డబ్బాతో ఊరికే పంచింది. ఒబామా అధ్యక్షుడుగా ఉన్నప్పుడు శ్వేతసౌధంలో జరిపిన పస్కా విందుల్లోనూ కాఫీ కంపెనీ పుస్తకమే వాడారు!

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకునేరు. పస్కా మన తెలుగువాళ్ళకూ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదులు ఉన్నారు. 1991లో అక్కడ ప్రార్థనా మందిరం వెలిసింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో వీళ్ళ మీద ఒక పుస్తకమే రాశారు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశస్థులమని వీళ్ళ నమ్మకం. చాలామంది మాదిగ కుటుంబాల వాళ్ళు, పొలం కూలి మీద బతికేవాళ్ళు. బానిసత్వం నుంచి బయటపడిన కథ వాళ్ళకు ఎంత దగ్గరగా తోచి ఉంటుందో నేను వేరే చెప్పాలా? న్యూజెర్సీ రేకు పళ్ళాల విందు వాళ్ళ కూలి డబ్బులకు అందేది కాదు. కొని తెచ్చుకోవాలా, చేసుకోవాలా అన్న సందేహం కూడా చేతిలో కాస్త డబ్బున్న మనలాంటి వాళ్ళకే వస్తుంది.

సరే, మళ్ళీ మా ఇంటికి వద్దాం. ఈ కథంతా అత్తమ్మకు చెప్పాను. ఆవిడ ప్యాకెట్టు విప్పి ఒక సకినం తీసి, వెలుగుకు పట్టి చుట్లు లెక్కపెట్టారు. చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు.

"చెయ్యి మంచిదే. ఎవలు చేసిండ్రో!"

ఎవరు చేశారో నాకు తెలుసు. దుకాణం వెనక పొయ్యి దగ్గర ఆమెను చూశాను. మా వీధి చివర ఉంటుంది. పదేళ్ళ కిందటిదాకా ఏటా మా ఇంటికే వచ్చి సకినాలు చేసేది. పొద్దున వచ్చి, మాతోబాటే ఇంత తిని, సాయంత్రం కూలి డబ్బులూ, కొంగున కట్టుకున్నన్ని సకినాలూ పట్టుకుని వెళ్ళేది. ఇప్పుడు కిలోకింత అని లెక్క. మా ఇంట్లో ఒక్కరోజు పని, దుకాణంలో నెల రోజుల పని. "పైసలు మంచిగనే వస్తున్నయమ్మా" అని తనే చెప్పింది. భోగి రాత్రిదాకా పొయ్యి దగ్గరనుంచి లేవడానికి ఉండదని కూడా చెప్పింది.

ఇదంతా విని అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగారు:

"మరి దాని ఇంట్ల ఎవలు చేస్తున్నరే?"

బ్రోడీ గురువుగారు అడిగిన ప్రశ్నే ఇది, తిరగేసి! అక్కడ యంత్రం బీదరాలి కూలిని తీసుకుపోతుందని ఆయన భయం. ఇక్కడ దుకాణం కూలి ఇచ్చి, ఆమె ఇంటి పండుగను తీసుకుపోయింది. ఒక పుస్తకం నిండా చదివిన నాకు రాని ప్రశ్న, నాలుగో తరగతితో చదువు ఆపేసిన మా అత్తమ్మకు వచ్చింది.

నేను ఇకముందు కూడా కొంటాను. దాచుకోవడం ఎందుకు? కొనడం మానేస్తే నా నడుం నొప్పి ఎక్కువై, ఆమె సంపాదన తక్కువవుతుంది తప్ప ఎవరికీ లాభం లేదు. న్యూజెర్సీలో ఆ రాత్రి అందరికంటే చిన్నపిల్ల లేచి, ఈ రాత్రికి ఏమిటి ప్రత్యేకం అని అడిగితే, ఆ నర్సు రేకు పళ్ళాలు పక్కకు జరిపి గంటసేపు కథ చెప్పింది. ఆ కథ దుకాణంలో కొన్నది కాదు. అది పండుగ కాదని నేను అనలేను. కాని బల్లమీద పెట్టిన ప్రతి పళ్ళెం వెనకా ఒక చెయ్యి ఉంటుందనీ, ఆ చేతికీ ఒక ఇల్లు ఉంటుందనీ అత్తమ్మ గుర్తుచేశారు.

ఆ రాత్రే ఆవిడ రెండు సేర్ల బియ్యం నానబోశారు. మర్నాడు ఇద్దరం కూర్చున్నాం. ఆవిడవి చక్రాలు, నావి వంకర గాజులు. సంక్రాంతి పొద్దున ఒక డబ్బా నిండా తీసుకుని వీధి చివర ఇంటికి వెళ్ళాం. ఆమె మూత తీసి చూసి, నావి ఏవో ఇట్టే కనిపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నాకెవలు చేసి పెట్టిండ్రమ్మా ఇన్నేండ్లల్ల!" అంది.

ఆ నవ్వులో నా వంకర సకినాలు కూడా గట్టెక్కాయి.